సాక్ష్యం చెప్పిన తర్వాత కూడా పరీక్షలు మానవద్దు



గొంతు క్యాన్సర్ తొలి దశలోనే బయటపడితే చాలామందికి నయమవుతుంది. మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్‌ను సాధారణంగా బయటి మిషను ద్వారా ఇస్తారు. టాన్సిల్, నాలుక మొదలు వంటి చోట్ల గడ్డ చిన్నదిగా ఉంటే, తగినవారికి లోపలి నుండి కూడా ఇవ్వవచ్చు. మత్తు ఇచ్చి, గడ్డలో సన్నని గొట్టాలు అమర్చి, వాటి గుండా ఇరిడియం-192 అనే రేడియేషన్ పదార్థాన్ని పంపుతారు. దూరం పెరిగేకొద్దీ దాని ప్రభావం త్వరగా తగ్గుతుంది గనుక లాలాజల గ్రంథులకు, దవడ ఎముకకు హాని తక్కువ. దాన్ని తీసేశాక రోగి శరీరంలో రేడియేషన్ మిగలదు. పిల్లలను ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి భోజనం చేయవచ్చు.

మా ఆందోళన అంతా నయమైన తర్వాతి సంవత్సరాల గురించే. పాత గడ్డ తిరిగి వస్తే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుంది. కాని నోటిలో, గొంతులో, అన్నవాహికలో, ఊపిరితిత్తులలో వేరే కొత్త క్యాన్సర్ పుట్టే ప్రమాదం ఆ తర్వాత కూడా ఏటేటా ఉంటుంది. దీనికి ముఖ్య కారణం చేయించుకున్న చికిత్స కాదు. బీడీ, గుట్కా, సారా ఆ దారి పొడవునా లోపలి పొరను పాడుచేసి ఉంటాయి. 1953లోనే అమెరికా వైద్యుడు స్లాటర్, ఆయన సహచరులు ఈ సంగతి వివరించారు. చేనులో ఒక మొక్కకు తెగులు కనిపిస్తే చేనంతా చూసుకుంటాం కదా!

లోపలి రేడియేషన్ కొద్ది చోటికే పరిమితం. అందుచేత తర్వాత కొత్త గడ్డ వచ్చినా మళ్లీ చికిత్సకు వీలు ఎక్కువగా మిగులుతుంది. అయితే దాన్ని చిన్నగా ఉండగానే కనిపెట్టాలి.

స్వస్థత సాక్ష్యం చెప్పాక మళ్లీ పరీక్షకు పోవడం అవిశ్వాసమని కొందరు తలుస్తారు. మేము అలా అనుకోము. దేహాన్ని దేవుని ఆలయంగా నమ్మే మనకు దాన్ని కాపాడుకోవడం కూడా భక్తియే. పొగాకు, సారా పూర్తిగా మానండి. డాక్టరు చెప్పిన తేదీకి తప్పక వెళ్లండి. మూడు వారాలు దాటినా తగ్గని గొంతు బొంగురు, మానని పుండు, మెడలో గడ్డ, మింగుడు పడకపోవడం కనిపిస్తే ఆ తేదీ వరకు ఆగవద్దు.

2007లో ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. చికిత్స ఖర్చుకు ఆ ఆసరా ఉంది. అయినా అచ్చంపేట నుండి హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పరీక్ష కోసం పోవాలంటే బస్సు కిరాయి, ఒక రోజు కూలి, తోడు వచ్చే మనిషి కావాలి. ఆ భారం సంఘం పంచుకోవాలని మా అభిప్రాయం. సాక్ష్యం విని దేవుని స్తుతించిన మనం, ఆ సహోదరునితో పరీక్షకు కూడా వెళదాం.

ప్రభువు మీ అందరికీ తోడైయుండును గాక.