మీ కుక్క ఎలుకను పట్టిందా? రేబిస్ టీకా ఒక్కటే చాలదు

వానలు పడి నాలాలు, డ్రైనేజీలు నిండగానే ఎలుకలు, పందికొక్కులు అపార్ట్‌మెంట్ సెల్లార్లలోకి, పెరళ్లలోకి చేరతాయి. వాటి వెంట పడటం కుక్కకు సహజం. ఒకదాన్ని పట్టి తోక ఊపుకుంటూ వస్తే మనమూ మురిసిపోతాం. కానీ ఆ ఎలుక నుంచి కుక్కకు, కుక్క నుంచి ఇంట్లోవాళ్లకు జబ్బు రావచ్చు. ‘ఏటా టీకా వేయిస్తున్నాం కదా’ అంటారా? అది ఏ టీకానో ఒకసారి చూడండి.

అసలు ముప్పు ఏమిటి?

లెప్టోస్పైరోసిస్. మన దగ్గర ఎలుక జ్వరం అంటారు. ఈ బ్యాక్టీరియా ఎలుక కిడ్నీల్లో ఉంటుంది. ఎలుకకు ఏమీ కాదు గానీ, దాని మూత్రంతో బయటికి వస్తూనే ఉంటుంది. ఎలుకను కొరికినప్పుడు, మూత్రం కలిసిన నిల్వ నీళ్లు తాగినప్పుడు, కాలి పుండు ఆ నీళ్లలో తడిసినప్పుడు కుక్కకు సోకుతుంది. కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. జబ్బుపడ్డ కుక్క మూత్రం నుంచి మనుషులకూ అంటుతుంది.

ఉచిత టీకాతో ఇది ఆగదా?

ఆగదు. ఏటా జులై 6న, జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేసేది రేబిస్ టీకా. హైదరాబాద్‌లో పెంపుడు కుక్క లైసెన్సుకు జీహెచ్‌ఎంసీ అడిగేదీ రేబిస్ టీకా పత్రమే. అది తప్పనిసరే, కానీ ఎలుక జ్వరాన్ని ఆపదు. లెప్టో టీకా ‘సెవెన్ ఇన్ వన్’, ‘నైన్ ఇన్ వన్’ లాంటి కలగలుపు టీకాల్లో వస్తుంది. మొదట కొన్ని వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. బ్యాక్టీరియాలోని అన్ని రకాలనూ ఇది అడ్డుకోలేదు. అందుకే టీకా వేయించినా లక్షణాలు గమనించాలి.

ఎలుకల నుంచి రేబిస్ రావడం చాలా అరుదు. ముంగిసతో మాత్రం జాగ్రత్త. అది కరిస్తే, పాత టీకా ఉన్నా బూస్టర్ కోసం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఎలుక మందు తిన్న ఎలుకైతే?

బ్రోమాడియోలోన్ కేకులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి ఐదు రోజులు పట్టొచ్చు. చిగుళ్ల నుంచి, మలంలో రక్తం కనిపిస్తుంది. దీనికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది, విరుగుడు లేదు. చచ్చిన ఎలుక కంటే, సెల్లార్‌లో పెట్టిన మందునే కుక్క తినేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

మీరేం చేయాలి?

• టీకా కార్డు తీసి ‘లెప్టో’ లేదా టీకా పేరు చివర ‘ఎల్’ అక్షరం ఉందేమో చూడండి. లేకపోతే డాక్టర్‌ను అడగండి.
• ఎలుకను నోట్లోంచి ఒట్టి చేత్తో లాగొద్దు. గ్లౌజులు వేసుకోండి. మీకు కాటు పడితే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లండి.
• రెండు వారాల పాటు జ్వరం, వాంతులు, నీరసం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం గమనించండి. ఏది కనిపించినా ఆ రోజే చూపించండి. ఎలుకను పట్టిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.
• మందు తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగొద్దు. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించొద్దు. మందు ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి.
• సెల్లార్‌లో మందు ఎక్కడ, ఏది పెట్టారో అసోసియేషన్‌ను అడిగి రాసి ఉంచుకోండి.

1962 వాహనం వస్తుందా?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ సంచార వైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లో రైతుల పశువుల కోసం పెట్టినవి. నగరంలో దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. హైదరాబాద్‌లో నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. మిగతా ఊళ్లలో మీకు దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాల ఏదో, ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో, రాత్రివేళ చూసే ప్రైవేటు క్లినిక్ ఏదో ఇవాళే కనుక్కుని ఆ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.