సార్... మీరు మ్యూట్‌లో ఉన్నారు!

"సార్, ఇనబడ్తలేదు!"

"మేడమ్, మీరు మ్యూట్‌లో ఉన్నరు!"

2020లో వరంగల్‌లో డిగ్రీయో, పీజీయో, బీటెకో చదివినవాళ్లకు ఈ రెండు మాటలూ చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంటాయి. మార్చి మధ్యలో రాష్ట్రమంతటా కాలేజీలు మూసేశారు. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. కాజీపేటలో రైలెక్కినవాళ్లు, హన్మకొండలో బస్సెక్కినవాళ్లు "రెండు వారాలే కదా" అనుకుని రెండు జతల బట్టలతో ఊళ్లకు వెళ్లిపోయారు. మళ్లీ క్లాసురూములు తెరుచుకునేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది.

అప్పటి మన కష్టాల గురించి చాలానే చెప్పుకున్నాం. మరి స్క్రీన్‌కు అవతల కూర్చున్నవాళ్ల సంగతో?

పాతికేళ్లుగా చాక్‌పీసు పట్టిన చేతులవి. బోర్డు మీద డెరివేషన్ రాస్తూనే, వెనక బెంచీలో ఎవరు కునుకు తీస్తున్నారో పసిగట్టేంత అనుభవం. అలాంటి సార్లు ఉన్నట్టుండి ఫోన్ ముందు కూర్చుని, గోడకు చెప్పినట్టు పాఠం చెప్పాల్సి వచ్చింది. స్క్రీన్ షేర్ చేయబోయి కాల్ కట్ చేసినవాళ్లున్నారు. పుస్తకాల దొంతరకు ఫోన్ ఆనించి, కింద తెల్లకాగితం మీద లెక్క చేసి చూపించినవాళ్లున్నారు. ఉచిత జూమ్ 40 నిమిషాలకే ఆగిపోతే, ఇంకో లింకు పంపి మళ్లీ మొదలుపెట్టినవాళ్లున్నారు.

వాళ్లకు ఇదంతా నేర్పిందెవరు? చాలాచోట్ల స్టూడెంట్లే. "సార్, కింద మూడు చుక్కలున్నయి చూడుండ్రి, అది నొక్కుండ్రి" అంటూ ఫోన్‌లో దారి చూపించారు. అడగడానికి మొహమాటపడకుండా, పిల్లల దగ్గర నేర్చుకున్న ఆ గురువులకు ఒక దండం పెట్టొచ్చు.

అసలు తమాషా ఏంటంటే, ఈ పనిముట్లేవీ కరోనాతో పుట్టినవి కావు. మూడిల్ 2002లో వచ్చింది. ఐఐటీల పాఠాలను వీడియోల్లో అందించే ఎన్‌పీటెల్ 2003లో మొదలైంది. గూగుల్ క్లాస్‌రూమ్ 2014ది. కేంద్రం 'స్వయం' పోర్టల్‌ను 2017లోనే తెచ్చింది. వరంగల్ కూడా వెనకేమీ లేదు. 1959లో దేశంలోనే మొట్టమొదటి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన నేటి ఎన్‌ఐటీలో, అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే ఎలక్ట్రానిక్స్ అండ్ ఐసీటీ అకాడమీ కరోనాకు ముందు నుంచే ఉంది. 1976లో ఏర్పడిన కాకతీయ యూనివర్సిటీకి దూరవిద్య కొత్తేమీ కాదు. అంటే దారి ఎప్పుడో పడింది. అందరూ నడవాల్సిన అవసరమే రాలేదు.

సరే, కరోనా పోయింది. మరి ఆ పనిముట్లు ఏమయ్యాయి?

పోలేదు. రూల్స్ కూడా మారాయి. ఒక సెమిస్టర్‌లో 20 శాతం వరకు కోర్సులు 'స్వయం'లో చేసుకోవచ్చని 2016లో అన్న యూజీసీ, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. ఇక క్లాస్ వాట్సాప్ గ్రూపు లేని కాలేజీ ఇప్పుడు ఎక్కడుంది చెప్పండి?

తేడా అంతా వాడే తీరులో ఉంది. ఒకాయన గ్రూపులో రాత్రి పదకొండింటికి 80 పేజీల పీడీఎఫ్ పడేస్తారు. "సిలబస్ అయిపోయింది" అంటారు. ఇంకొకావిడ గూగుల్ ఫామ్‌లో అయిదంటే అయిదు ప్రశ్నలు పంపిస్తారు. పొద్దున్నే ఫోన్ తెరిచి చూస్తే, 60 మందిలో 40 మంది మూడో ప్రశ్న దగ్గరే తప్పు చేశారని తెలిసిపోతుంది. ఆ రోజు క్లాసు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే ఫోను. ఒకరికి అది గోదాము, ఇంకొకరికి నాడి పట్టి చూసే చేయి.

వీడియోల సంగతీ అంతే. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశోధకులు లెక్కగట్టి 2014లో చెప్పిందేమిటంటే, వీడియో ఎంత పొడుగున్నా సగటు విద్యార్థి మనసు పెట్టేది దాదాపు ఆరు నిమిషాలే. గంట పాఠాన్ని గంటా రికార్డు చేసి పెడితే చూసేవాళ్లు తక్కువని అర్థం. అదే ఒక్కో కాన్సెప్ట్‌కు ఆరేడు నిమిషాల ముక్క చేసి పెడితే? ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చే పిల్ల బస్సు తప్పి మొదటి పీరియడ్ పోగొట్టుకున్నా, సాయంత్రం ఇంట్లో చూసుకుంటుంది. నాట్ల రోజుల్లో అమ్మతో పొలానికెళ్లిన పిల్లాడు రాత్రి వింటాడు. కరోనా మనకు ఏదైనా మంచి మిగిల్చిందంటే, పోయిన పాఠం మళ్లీ దొరికే ఈ వీలే.

చేదు కూడా గుర్తుపెట్టుకుందాం. ఇంటికంతా ఒకటే ఫోన్. అన్నకు క్లాసున్న టైముకే చెల్లెకూ క్లాసు. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో పెద్ద ముక్కను ఒక్క లైవ్ వీడియో క్లాసే తినేసేది. సిగ్నల్ కోసం కొందరు డాబా ఎక్కారు, కొందరు చెట్టెక్కారు. అందుకే లింకు పంపే ప్రతి సారూ, ప్రతి మేడమూ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: "ఇది చివరి బెంచీ ఫోన్‌లో తెరుచుకుంటుందా?" భారీ వీడియోతో పాటు చిన్న ఆడియో, రెండు పేజీల నోట్స్ పెడితే ఎవరి సొమ్మూ పోదు.

ఇక మన వంతు. అప్పట్లో అరవై నల్ల గడులు చూస్తూ పాఠం చెప్పడం ఎలా ఉండేదో ఏ లెక్చరర్‌నైనా అడగండి. "ఉన్నారా?" అంటే జవాబు ఉండేది కాదు. నెట్ లేక కెమెరా ఆపినవాళ్లు కొందరు. లాగిన్ అయ్యి నిద్రపోయినవాళ్లు... ఎవరో మనకు తెలుసు కదా!

ఇప్పుడు క్లాసురూములు నిండాయి. సార్ ఎదురుగానే ఉన్నారు, మాట చక్కగా వినబడుతోంది. అయినా "డౌట్సేమన్నా ఉన్నయా?" అంటే మళ్లీ అదే నిశ్శబ్దం. ఆ వీడియో అర్థం కాలేదని, ఆ పీడీఎఫ్ తెరుచుకోలేదని, నిన్నటి క్విజ్ మాత్రం బాగుందని మనం చెబితేనే కదా వాళ్లకు తెలిసేది. అప్పుడు ఫోన్ వాడకం నేర్పిన మనకు, ఇప్పుడు ఈ ఒక్క మాట చెప్పడం కష్టమా?

ఈసారి మ్యూట్‌లో ఉన్నది సార్ కాదు. మనమే. రేపు క్లాసులో ఒక్కసారి అన్‌మ్యూట్ అయి చూడండి.