చెవిలో మిల్లు

మా అవ్వది తూత్తుకుడి జిల్లా ఒట్టపిడారం. వయసులో ఉన్నప్పుడు కోవిల్‌పట్టి నూలు మిల్లుకు పోయేది. మిల్లు మానేసి ఏళ్లయింది. మోత మాత్రం ఆమెను వదల్లేదు. "రాత్రయితే చెవిలో మిషను తిరుగుతా ఉందే" అంటుంది. "నీ భ్రమలే అవ్వా, పడుకో" అనేవాళ్లం. నేనూ అన్నాను. ఆయుర్వేదం దాన్ని కర్ణనాదం అంది, ఇప్పటి డాక్టర్లు టిన్నిటస్ అంటున్నారు. అంత పాత పేరున్న బాధను భ్రమ అన్నందుకు సిగ్గుగా ఉంది.

డాక్టరుకు చూపిస్తే "వినికిడి తగ్గింది. మోతకు మందు లేదు, అలవాటు చేసుకోండి" అన్నారు. అబద్ధం కాదు. కానీ ఎలా అలవాటు చేసుకోవాలో చెప్పకపోతే అది సగం మాటే అని నా అభిప్రాయం.

మిగతా సగంలో బయోఫీడ్‌బ్యాక్ ఒకటి. మోత వినగానే దవడ, నుదురు, మెడ బిగుసుకుంటాయి. ఆ బిగువుకు నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే మోత ఇంకా పెద్దదనిపిస్తుంది. నుదుటి మీద చిన్న సెన్సర్లు అతికించి, కండరం ఎంత బిగిసిందో తెర మీద గీతగా చూపిస్తారు. ఊపిరి మెల్లగా వదిలి కండరం సడలిస్తే గీత దిగుతుంది. మన సైకాలజీ ల్యాబ్‌లో అలాంటిదే ఒకటి వేళ్లకు పెట్టుకుని చూశాను. ఛందస్సు పరీక్ష తలచుకోగానే సూది పైకి లేచింది (మేడమ్, క్షమించాలి!). "రిలాక్స్ అవ్వు" అని పదిమంది చెప్పినా తెలియనిది అప్పుడు తెలిసింది.

జర్మనీలో 130 మంది రోగులతో చేసిన ఒక పరిశోధన 2008లో అచ్చయింది. మూడు నెలల్లో 12 సిట్టింగులు, మాటల చికిత్సతో కలిపి. మోత వల్ల పడే బాధ బాగా తగ్గింది, ఆరు నెలల తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. మోతే పోతుందని ఎవరైనా డబ్బులు అడిగితే మాత్రం నమ్మకండి. ఒక్క చెవిలోనే మోగినా, నాడితో పాటు కొట్టుకున్నా ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికే పోవాలి.

అవ్వకు చదువు రాదు. గీత చూడటానికి చదువెందుకు? బిగిస్తే పోగు తెగుతుందని చేత్తో తెలుసుకున్న మనిషి ఆమె. అయినా మా వైపు ఈ చికిత్స పేరైనా ఆమెకు ఎవరూ చెప్పలేదు. వినికిడి పరీక్ష చేసేచోటే ఇదీ నేర్పాలి. ఇప్పుడు మిల్లులకు పోయే ఆడపిల్లలకైతే అంతకంటే ముందు ఇయర్‌ప్లగ్గులు ఇవ్వాలి.

నిన్న ఫోన్లో ఇదంతా చెప్పాను.

"గీత దిగితే మిల్లు ఆగుతాదా?"

"ఆగదవ్వా. నీకు నిద్ర పట్టొచ్చు."

"అది చాలు. ఎప్పుడు తీసుకపోతావు?"

ఎక్కడికని చెప్పాలో తెలియక, సెలవులకు వస్తానన్నాను.