రెండవ పెండ్లికి శిక్ష, మొదటి పెండ్లికి రుజువు

భార్య జీవించియుండగా భర్త మరల పెండ్లాడిన, అది తన కర్మమని ఆమె యూరకుండవలసిన కాలము గతించినది. 1860 నాటి శిక్షాస్మృతి అట్లు పెండ్లాడిన హిందూ స్త్రీని దండించెను గాని హిందూ పురుషుని దండింపలేదు. ఈ పక్షపాతమును మద్రాసు రాష్ట్రమున 1949 నాటి చట్టము తొలగించెను. శిరివెళ్ల నాడు కర్నూలు జిల్లాలో, ఆ రాష్ట్రముననే యుండెను. కనుక 1955 నాటి హిందూ వివాహ చట్టమునకు ఆరేండ్లు ముందే ఇచ్చటి సోదరీమణులకు ఈ రక్షణ లభించెను.

నేడు భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను ప్రకారము శిక్ష 7 ఏండ్ల వరకు. మొదటి పెండ్లిని దాచినచో 10 ఏండ్ల వరకు. మోసపోయి పెండ్లాడిన రెండవ స్త్రీయు ఫిర్యాదు చేయవచ్చునని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అయినను న్యాయస్థానము రెండు పెండ్లిండ్లకును రుజువు కోరును. కలిసి కాపురము చేయుచున్నారన్న మాట చాలదు; వివాహవిధి జరిగినదని చూపవలెను. కావున శుభలేఖను, ఛాయాచిత్రములను, పురోహితుని పేరును, సాక్షుల పేర్లను భద్రపరచుకొనుడు. మన రాష్ట్రమున 2002 నాటి చట్టముచే వివాహ నమోదు విధిగా చేయింపవలసినదే. కుమార్తెను అత్తవారింటికి పంపునపుడు పసుపు కుంకుమలతోపాటు ఆ ధ్రువపత్రమును గూడ ఆమె చేతికీయుడని మేము కోరుచున్నాము.