మెట్ట దుమ్ముకు లెక్క కావాలి

ఏప్రిల్ వచ్చిందంటే జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో మధ్యాహ్నం మూడు గంటల నుంచి అందరూ ఆకాశం మీద ఓ కన్నేసి ఉంచుతారు. కల్లంలో మిర్చి ఆరబోసిన రైతు పని చేసుకుంటూనే పడమరకేసి చూస్తుంటాడు. డాబా మీద వడియాలు పెట్టినవాళ్లు, మాగాయ ముక్కలు ఎండేసినవాళ్లు మెట్ల దగ్గరే తచ్చాడుతుంటారు. ముందు గాలి బిగుసుకుపోతుంది, ఆకు కదలదు. కాసేపటికి దూరాన మట్టిరంగు తెర ఒకటి లేస్తుంది. "పట్టాలు కప్పండిరా!" అని ఒక కల్లంలో కేక పడితే పక్క కల్లాల్లోనూ పరుగు మొదలవుతుంది. పట్టా ఒక మూల రాయి పెట్టేలోపు రెండో మూల ఎగిరిపోతుంది. నాలుగు మూలలూ కుదిరేసరికి ఎర్రటి కాయల మీద బూడిదరంగు పొర పరుచుకునే ఉంటుంది. వాన చుక్క ఇంకా పడనే లేదు.

వానకన్నా ముందు దుమ్ము రావడానికి కారణం ఉంది. వేసవిలో విదర్భ వైపు నుంచి తమిళనాడు దాకా తరచూ ద్రోణి ఏర్పడుతుంది. పడమటి పొడిగాలి, బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమగాలి అక్కడ కలుసుకుంటాయి. కాగిన నేల మీద మధ్యాహ్నానికల్లా క్యుములోనింబస్ మేఘాలు నిలువునా పెరుగుతాయి. వాటి నుంచి రాలే చినుకుల్లో చాలా భాగం కిందున్న పొడిగాలిలోనే ఆవిరైపోతుంది. అలా ఆవిరయ్యే చోట గాలి చల్లబడి, బరువెక్కి ఒక్కసారిగా నేలకు దిగుతుంది. దిగిన గాలి నలుదిక్కులా పరుగెత్తుతుంది. దాని దారిలో వదులుగా ఉన్న మట్టి ఏదైనా సరే, లేచి ఊరి మీద పడుతుంది.

గాలిని ఎవరూ ఆపలేరు. వదులు మట్టి సంగతి వేరు.

ఈ ప్రాంతం ఎడారి కాదు. పక్కనే కృష్ణ ఉంది, సాగర్ ఎడమ కాలువ ఉంది, మునేరు, పాలేరు ఉన్నాయి. అయినా వేసవిలో దుమ్ము ఇంతగా లేవడానికి నాలుగు కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. పత్తి, మిర్చి తీసేశాక నల్లరేగడి చేలు జూన్ దాకా కప్పు లేకుండా పడి ఉంటాయి. నీరు తగ్గిన ఏటిలో ఇసుక బయటపడుతుంది. సున్నపురాయి గనులు, సిమెంట్ కర్మాగారాల చుట్టూ ఉన్న రోడ్లపై రాయి, బూడిద, క్లింకర్ మోసే లారీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఇక రోడ్ల అంచులు. తారు ఆగిన చోట మొదలయ్యే మట్టిని ప్రతి లారీ చక్రమూ కొంచెం కొంచెంగా నూరుతుంది. ఆ పొడి అక్కడే ఉండి సాయంత్రం గాలికి లేస్తుంది.

జగ్గయ్యపేట శివారు బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించి లోకానికి చూపించాడు. ఆ స్తూపానికి శిల్పులు చక్రవర్తి బొమ్మను చెక్కింది పలనాటి సున్నపురాయి మీదే. కృష్ణకు ఇరువైపులా పరుచుకున్న సున్నపురాయి ఇవాళ వేల కుటుంబాలకు కూడు పెడుతోంది. కర్మాగారాలు వద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు, అనకూడదు కూడా. కాకపోతే ఈ దుమ్మును అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువ పీల్చేది లారీ డ్రైవర్లు, బస్తాలెత్తే కూలీలు, రోడ్డు పక్క టీ కొట్లవాళ్లు. జీతం కావాలంటే దుమ్ము తినాల్సిందేనని వాళ్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఎండ విషయంలో రాష్ట్రం ఒక పాఠం నేర్చుకుంది. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. ఇప్పుడు ఏ మండలంలో వడగాలి తీవ్రత ఎంతో విపత్తుల నిర్వహణ సంస్థ ముందుగానే ప్రకటిస్తోంది. పిడుగులకూ ఫోన్లలో హెచ్చరికలు వస్తున్నాయి. దుమ్ముకు మాత్రం ఇలాంటి ఏర్పాటేదీ లేదు.

నిబంధనలు లేక కాదు. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం10 ధూళి 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు ఇంకా తక్కువ, 45. సిమెంట్ కర్మాగారాల గొట్టాల నుంచి వెలువడే ధూళికీ పరిమితులున్నాయి. కానీ గొట్టం దగ్గర కొలిచినంత శ్రద్ధగా రోడ్డు దగ్గర కొలవడం లేదు. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో విజయవాడ ఉంది, జగ్గయ్యపేట లేదు. అది నగరాల కోసం పెట్టిన పథకం. గనులు, లారీలు ఉన్న చిన్న పట్టణాలు ఆ గీతకు ఇవతలే మిగిలిపోయాయి.

పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలానికి వెళ్లాలి. అక్కడ హగరి ఏటి ఇసుకను గాలి పొలాల మీదికి మోసుకొచ్చి దర్గాహొన్నూరు దగ్గర దిబ్బలుగా పోసింది. మన మెట్టకు ఆ స్థితి రాలేదు. అయినా అక్కడ పనికొచ్చే మందే ఇక్కడా పనికొస్తుంది. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ దశాబ్దాలుగా చెబుతున్నది అదే: గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా, వరుసలుగా చెట్లు పెంచాలి. వేప, కానుగ మన నేలకు కొత్తవి కావు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకూ జవాబుంది. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం లీజుదారులు రాయల్టీపై అదనంగా జిల్లా ఖనిజ నిధికి చెల్లించాలి. పాత లీజులకు అది రాయల్టీలో 30 శాతం. ఆ నిధిలో కనీసం 60 శాతాన్ని తాగునీరు, ఆరోగ్యం, కాలుష్య నియంత్రణ లాంటి పనులకే వాడాలని అదే ఏడాది వచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. సున్నపురాయి తవ్వే ఊళ్లకు ఇది దయాధర్మం కాదు, హక్కు.

ఆ నిధితో ముందు చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. జగ్గయ్యపేట, నందిగామల్లో గాలి నాణ్యతను నిరంతరం కొలిచే కేంద్రాలు పెట్టి, ఆ అంకెలను మున్సిపల్ ఆఫీసు గోడ మీద అందరికీ కనబడేలా చూపాలి. గనుల రోడ్ల అంచులకు రాతి పరుపు వేయాలి. పట్టా కప్పని లారీని గేటు దాటనివ్వకూడదు. ఈదురుగాలి హెచ్చరిక ఫోన్‌లో ఆగిపోకుండా గ్రామ సచివాలయం మైకులో వినిపించాలి. అరగంట ముందు తెలిస్తే చాలు, కల్లంలో మిర్చి దక్కుతుంది. వైశాఖంలో నృసింహ జయంతికి వేదాద్రి వచ్చే జనం చలువ పందిళ్ల కింద నుంచి సకాలంలో పక్కకు తప్పుకుంటారు.

చెట్ల పని మాత్రం వాయిదాకు ఒప్పుకోదు. మొక్క నిలవాలంటే తొలకరికే నాటాలి, గుంతలు మేలోనే తవ్వాలి, అంతకు ముందే తీర్మానం జరగాలి. చిల్లకల్లు నుంచి వేదాద్రి దాకా, జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల దాకా ఉన్న పంచాయతీలు ఈ వేసవి గ్రామసభల్లోనే ఆ తీర్మానం చేసి, ఖనిజ నిధి నుంచి తమ వాటా ఎంతో, ఎప్పుడిస్తారో కలెక్టర్‌ను లిఖితపూర్వకంగా అడగాలి.