తోమితే పోయేది తుప్పొక్కటే కాదు

మొన్న ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. హాల్లో గాజు పెట్టెలో చెకుముకి పిస్తోలు పెట్టారు. "కుంఫిణీ కాలం నాటిదండీ! పాలిష్ పట్టించాం. నిన్న కొన్నట్టు లేదూ?" అన్నారు ఇంటాయన. ఉంది. నా ఏడుపంతా అందుకే.

పాత వస్తువు మెరిస్తేనే బాగుపడినట్టని ఎవరు చెప్పారో వీళ్ళకి! ఇత్తడి బిందెని చింతపండుతో తోముకోండి, మళ్ళీ నల్లబడితే మళ్ళీ తోముకోండి. కాని పిస్తోలు మీది ముద్ర అరిగిందంటే అరిగిందే. ఈస్టిండియా కంపెనీ తుపాకుల లాక్ (పేల్చే యంత్రం) పలక మీద 1808 ప్రాంతం దాకా గుండె ఆకారపు గుర్తు ఉండేది, ఆ తర్వాత కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో గొట్టాలను పరీక్షించే ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. దాని ముద్ర అంతకు ముందు పడే వీల్లేదు. కాలం చెప్పే సాక్షులు ఇవే. పాలిష్ చక్రం ముందు ఇవెంతసేపు నిలుస్తాయి? ఇంటాయన పిస్తోలు మీద సింహం అరిగి అరిగి పిల్లిపిల్లయింది.

ఈ తోముడు జబ్బు తుపాకులతో ఆగిందా? గుళ్ళలో శాసనాల మీద సున్నం కొట్టేదీ ఈ బుద్ధే. అక్షరం పోయినా ఫరవాలేదు, గోడ మాత్రం తెల్లగా ఉండాలి!

మెరిస్తే ధర పలుకుతుందట. మెరుపే కావాలంటే స్టీలు గ్లాసు కొనుక్కోమనండి.

ఇంకో ఘనకార్యం చూడండి. 1830లు, 40లలో చెకుముకి బదులు సుత్తి దెబ్బకి పేలే పెర్కషన్ క్యాప్ వాడకం పెరిగి, ఎన్నో చెకుముకి తుపాకులను దానికి తగ్గట్టు మార్చేశారు. ఆ మార్పూ చరిత్రే కదా. ఇప్పుడు దాన్ని పీకేసి, కొత్త రంజకపు (నిప్పంటించే మందు) గిన్నె అతికించి "పునరుద్ధరణ" అంటున్నారు. మారువేషం అనండి, సరిపోతుంది. పలక మీది సంవత్సరాన్ని జాతకంలా చదివేవాళ్ళు మరో రకం. లాకులు ఏళ్ళ తరబడి గోదాముల్లో పడుండి, తర్వాత ఏ తుపాకికో ఎక్కేవి. ఖైబర్ ప్రాంతపు పనివాళ్ళయితే తమ నకళ్ళ మీద కంపెనీ సింహాన్ని, సంవత్సరంతో సహా దించేశారు.

మరేం చేయాలంటారా? ముందు గొట్టంలోకి సన్నటి కర్రపుల్ల దించి, అంతే పొడవు బయట ఆనించి చూడండి. రంజకం రంధ్రం దాకా రాకపోతే లోపల మందూ గుండూ ఉన్నాయనే అనుకోండి. పాత మందుకీ నిప్పంటుకుంటుంది, తెలిసినవాళ్ళకి అప్పగించండి. ఖాళీ అయితే కాస్త నూనె, మెత్తటి గుడ్డ, పైన పల్చగా మైనం. ఉప్పుకాగితం మాత్రం చెక్కకీ ఇనుముకీ కూడా తగలనివ్వద్దు. మిగతాది చెబితే చాంతాడంత.

బయల్దేరుతుంటే ఇంటాయన, "ఇంతకీ ఇది ఏ సంవత్సరానిదంటారు?" అన్నారు.

"పాలిష్ ఎప్పుడు పట్టించారు?"

"పోయినేడు దసరాకి."

అయితే ఆ ఒక్క తేదీనే గట్టిగా చెప్పగలం అన్నాను. భోజనానికి ఉండమని ఆయన అనలేదు.