ప్రయాణం గుమ్మం దగ్గరే మొదలు

విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 700 కిలోమీటర్లు. 2023 జనవరిలో మొదలైన వందేభారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుందన్నారు, సంతోషించాం. విశాఖకు దగ్గర్లోని భీమిలివాళ్ల లెక్క మాత్రం వేరు. నెలల తరబడి సముద్రం మీద వచ్చిన డచ్చివాళ్ల ఓడలకు రేవైన ఈ ఊరికి ఇవాళ రైల్వేస్టేషన్ లేదు. విశాఖలో వేకువ బండి అందాలంటే అర్ధరాత్రి దాటగానే లేవాలి. సికింద్రాబాద్‌లో పెద్దాసుపత్రిలో చూపించడానికి ముసలి తల్లిని తీసుకెళ్లే కొడుకు, బీచ్‌రోడ్డు చీకట్లో పాతిక కిలోమీటర్లకు పైగా ఆటో మాట్లాడుకోవాలి. చేతిలో సంచులు, గుండెల్లో బండి దాటిపోతుందేమోనన్న గుబులు. టైమ్‌టేబుల్లో ఈ గంటలు ఎక్కడా కనిపించవు. నా దృష్టిలో ఇవీ ప్రయాణమే. రైళ్ల వేళలకు సరిగ్గా అందేలా భీమిలి నుంచి బస్సు నడపాలి. దగ్గర్లోని భోగాపురం విమానాశ్రయానికీ ఇలాగే బస్సు ఉండాలి.